గండికోటలో మధ్యాహ్న భోజనానికి మూడు ఊళ్ల నుంచి బండ్లమీద వచ్చి కలవడం ఎలా?

చలికాలం మొదలైతే చాలు, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. కర్నూలు నుంచి కొందరం, అనంతపురం నుంచి కొందరం, కడప నుంచి కొందరం బైకులేసుకుని బయల్దేరి ఒకచోట కలిసి భోంచేయాలంటే ఎక్కడ కలవాలి, ఎన్నింటికి బయల్దేరాలి, ఏమేం సర్దుకోవాలి?

మూడు ఊళ్లకూ కుదిరే చోటు గండికోట. ఎర్రమల కొండల్ని పెన్నా కోసుకుంటూ పోయిన లోయ, దాని అంచున కోట. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. కర్నూలు నుంచి దాదాపు 160, అనంతపురం నుంచి 120 అటూ ఇటూ, కడప నుంచి 80 పైచిలుకు. మీ ఇంటి గడప నుంచి ఎంతో ఫోన్ మ్యాపులో ఒకసారి చూసుకోండి, కింద చెప్పే లెక్కలో ఆ అంకె వేసుకోండి.

ఈ ప్రయాణాలు చెడేది ఎక్కువగా వేళ దగ్గరే. ఒంటిగంటన్నరకు అనుకున్న భోజనం రెండున్నరకు మొదలవుతుంది. ఫొటోలు దిగేసరికి నాలుగు. కర్నూలు వాళ్లు కోవెలకుంట్ల దాటగానే చీకటి పడుతుంది. అందుకని ఇక్కడ చెప్పేదంతా ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది: అందరికంటే దూరం నుంచి వచ్చినవాళ్లు వెలుగుండగానే ఇల్లు చేరాలి.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి కాలం. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు, నల్లరేగడి బురద. జూన్ నుంచి ఆగస్టు దాకా అడ్డగాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు. 40 డిగ్రీలు దాటిన ఎండలో బండిమీద పోతుంటే చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్నట్టు తెలియదు. ఆ నెలల్లో అంతగా కలవాలనిపిస్తే ఊరికి దగ్గర్లో పొద్దున టిఫినుకు కలవండి. కర్నూలు వాళ్లకు ఓర్వకల్లు రాళ్లవనం, కడప వాళ్లకు సిద్ధవటం లేదా ఒంటిమిట్ట, అనంతపురం వాళ్లకు గుత్తి కోట. తొమ్మిదిన్నరకల్లా వెనుదిరగాలి.

కావాల్సినవి

బండికి:
- ప్లగ్ స్పానరు, బండికి సరిపోయే స్పానర్లు, కటింగ్ ప్లేయరు
- ఒక క్లచ్ కేబులు, ఒక యాక్సిలరేటర్ కేబులు (మీ మోడల్‌వే)
- ట్యూబ్‌లెస్ టైరైతే పంచర్ కిట్టు, గాలి పంపు. ట్యూబు టైరైతే ముందుకొకటి, వెనక్కొకటి ట్యూబు
- చైను లాకు (చైను కొసల్ని కలిపే లింకు) ఒకటి, ఫ్యూజులు రెండు, ఇన్సులేషన్ టేపు
- అరచేయంత నాపరాయి ముక్క లేదా చెక్క ముక్క, సైడు స్టాండు కింద పెట్టడానికి

ఇవన్నీ ప్రతి బండిలో ఉండాల్సిన పనిలేదు. ఊరికొక సంచి చాలు, అది చివరి బండిలో ఉండాలి. ఆగిపోయిన బండిని దాటిపోకుండా వెనకాల వచ్చేది ఆ బండే కదా. కేబుళ్లు, ట్యూబులు మాత్రం ఎవరి మోడల్‌వి వాళ్లే తెచ్చుకోవాలి.

మనిషికి: ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్టు, వెనక కూర్చునేవాళ్లకు ఇంకొకటి. చీలమండలు కప్పే బూట్లు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా లేదా జాకెట్టు. తలా రెండు లీటర్ల నీళ్లు. లీటరులో కలుపుకునే ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు డిజిలాకర్లో ఉంటే సరిపోతాయి. అయినా ఫోను ఛార్జింగు అయిపోతే అవీ చేతిలో ఉండవు కాబట్టి జిరాక్సులు సీటు కింద పెట్టుకోండి.

1. భోజనం వేళ నుంచి వెనక్కి లెక్కేయండి

ఊళ్ల మధ్య రోడ్లమీద సగటున గంటకు 45 కిలోమీటర్లే లెక్కేసుకోండి. మీటరు 70 చూపించినా స్పీడు బ్రేకర్లు, గొర్రెల మందలు, ట్రాక్టర్లు కలిపి సగటు అంతకే దిగుతుంది. 60 సగటు వేసుకున్నవాళ్లు ఆలస్యమయ్యాక తొందరపడతారు, ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి.

డిసెంబరులో మన దగ్గర పొద్దు గుంకేది ఆరు కాకముందే. కర్నూలుకు 160 కి.మీ. అంటే మూడున్నర గంటలకు పైనే బండిమీద, మధ్యలో రెండుసార్లు పది నిమిషాలు ఆగడం. మొత్తం నాలుగు గంటలు. కాబట్టి గండికోటలో ఒంటిగంటన్నరకు బండి స్టార్టు చేయాలి. భోజనం 12కే మొదలుపెట్టాలి. అందరూ 11:15కు చేరాలి. ఇక్కణ్నుంచి వెనక్కి లెక్కేస్తే:

- కర్నూలు: పొద్దున 6:45. టిఫినుకు అరగంట, ఇంకో రెండుసార్లు ఆగడం ఇందులోనే కలిసింది.
- అనంతపురం: 7:50.
- కడప: 9:00.

ఈ మూడు వేళల్నీ ఒకే సందేశంలో అందరికీ పంపండి. "పొద్దున్నే బయల్దేరదాం" అని రాస్తే ఎవరి పొద్దు వాళ్లదవుతుంది.

అనంతపురం వాళ్లకు ఒక సంగతి. మీరు పొద్దున తూర్పుకు పోతారు, సాయంత్రం పడమరకు వస్తారు. రెండు పూటలా ఎండ మొహానే. ఎనిమిదింటి దగ్గర బయల్దేరితే సూర్యుడు కాస్త పైకొచ్చి ఉంటాడు. ఒంటిగంటన్నరకు వెనుదిరిగితే పొద్దు కిందికి దిగకముందే ఊరు చేరతారు. మూడింటి దాకా కూర్చుంటే తాడిపత్రి దాటాక కళ్లల్లోకి కొట్టే ఎండలో, గీతలు పడ్డ హెల్మెట్ అద్దంలోంచి ఎదుటి గొయ్యి కనపడదు. గీతలుంటే అద్దం మార్చండి. కడప వాళ్లకు రెండు పూటలా ఎండ వీపు వైపే ఉంటుంది. హాయిగానే ఉంటుంది గానీ, ఎదురొచ్చే లారీ డ్రైవరుకు ఆ వెలుగులో మీరు కనపడరు. అతను మిమ్మల్ని చూశాడని అనుకోవద్దు, మీరే ఎడమకు ఒదగండి.

2. భోజనం ముందురోజే చెప్పండి

గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటలు, కొన్ని చిన్న దుకాణాలు తప్ప తిండికి పెద్దగా ఏమీ లేదు. ఇరవై మంది చెప్పకుండా ఒకేసారి దిగితే గంటన్నర కాచుకోవాలి. లెక్కంతా తప్పేది అక్కడే.

రాగి సంగటి, నాటుకోడి పులుసు కావాలంటే ముందురోజు మధ్యాహ్నానికే చెప్పాలి. నాటుకోడి తేవాలి, నిదానంగా ఉడకాలి. శాకాహారులు ఎంతమందో విడిగా అడగండి. ఆదివారమైతే ఫర్వాలేదు గానీ శనివారమైనా, కార్తీక సోమవారమైనా మాంసం ముట్టనివాళ్లు ఎక్కువుంటారు. డబ్బులు ముందే ఫోనులో వేయించుకోండి. "వస్తాం" అన్న వాళ్లలో డబ్బులేసిన వాళ్లనే లెక్కపెట్టి చెప్పండి.

దగ్గరి వాళ్లు కాబట్టి ఈ పని కడప వాళ్లకు అప్పజెప్పడం మేలు. పొద్దున తొమ్మిదింటికి బయల్దేరేముందు హోటలుకు మరోసారి ఫోన్ చేయాలి.

హోటలు కుదరకపోతే జమ్మలమడుగులో మెస్సులున్నాయి. అక్కడ పార్శిల్ కట్టించుకుని పైకెళ్లండి. ఇంటినుంచే తెచ్చుకుంటామంటే జొన్న రొట్టెలు, శనగకాయల పొడి, చిత్రాన్నం బాగుంటాయి. పెరుగన్నం, కొబ్బరి చట్నీ సంచిలో ఎండకు నాలుగ్గంటలుంటే పాడవుతాయి, వాటిని వదిలేయండి.

3. బండిని రెండు రోజుల ముందు చూసుకోండి

ముందురోజు సాయంత్రం మెకానిక్కు దగ్గరికి పోవద్దు. ఏదైనా విప్పి సరిగా బిగించకపోతే అది బయటపడేది మీ దారిలోనే. రెండు రోజుల ముందు పని చేయించి, ఊళ్లో ఒక 20 కిలోమీటర్లు తిప్పి చూడండి.

గాలి: బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించాలి. ఎంతన్నది చైను కవరు మీదనో, వెనక చక్రం దగ్గరనో స్టిక్కరులో ఉంటుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరుకు వేరే అంకె ఉంటుంది, అది చూడండి. 50 కిలోమీటర్లు పోయాక బంకులో చూస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని తీయించకండి, టైరు వేడికి అది మామూలే. తీయిస్తే చల్లారాక తక్కువైపోతుంది.

చైను: కింది వరస మధ్యలో వేలితో ఆడిస్తే చాలా బండ్లకు 25–30 మి.మీ. ఆడాలి. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే సరి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల చూడండి. ఒకచోట బిర్రుగా, ఇంకోచోట వదులుగా ఉంటే చైను సాగింది, మార్చాల్సిందే. దూరం పోతున్నామని చైను బిగించేయమనడం మనవాళ్లు తరచూ చేసే తప్పు. వెనక మనిషి కూర్చుని గుంతలో పడితే చైను ఇంకా బిగుస్తుంది. స్ప్రాకెట్టు పళ్లు, గేరుబాక్సు బేరింగు దెబ్బతింటాయి.

ఆయిలు: ఇంజను కాసేపు నడిపి, ఆపి, నాలుగైదు నిమిషాలాగి, బండి నిటారుగా ఉన్నప్పుడు చూడండి. సైడు స్టాండు మీద చూసిన లెక్క తప్పు.

బ్రేకు ప్యాడ్లు రెండు మిల్లీమీటర్లకు వచ్చుంటే మార్పించండి. టైరు గాడుల్లో చిన్న గట్టు గుర్తు ఉంటుంది, టైరు ఆ మట్టానికి అరిగితే ఈ ప్రయాణానికి ఆ టైరు పనికిరాదు.

పెట్రోలు బయల్దేరేచోటే నింపించండి. జమ్మలమడుగులో మళ్లీ నింపించుకునే పైకెక్కండి.

4. ముందు బండి, చివరి బండి

ఏడు బండ్లు దాటితే రెండు గుంపులు చేయండి, మధ్య ఐదు నిమిషాల తేడాతో. ప్రతి గుంపుకూ దారి తెలిసినవాళ్లు ముందు, బండి పని తెలిసిన నిదానస్తులు చివర. కొత్తగా నడిపేవాళ్లను, చిన్న బండ్లను ముందు బండి వెనకాలే పెట్టండి. వాళ్ల వేగమే గుంపు వేగం. వాళ్లను చివర్లో పెడితే అందుకోవాలని తమకు చేతగాని వేగంతో వస్తారు.

రోడ్డు బాగున్నచోట ఒకరు లేను ఎడమ సగంలో, వెనకవాళ్లు కుడి సగంలో, అట్లా ఎడమ కుడిగా. సరిగ్గా మీ ముందున్న బండికీ మీకూ రెండు సెకన్లకు తగ్గకూడదు. చూసుకోవడం తేలికే: ముందు బండి ఒక కిలోమీటరు రాయి దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నరెండు" అనుకోండి, ఆ తర్వాతే మీరు ఆ రాయి దాటాలి. మలుపుల్లో, పల్లెల్లో, సన్న రోడ్లమీద అందరూ ఒకే వరస.

దారి తప్పకుండా ఉండటానికి ఒక పద్ధతి ఉంది. రోడ్డు చీలినచోట ముందు బండి ఆగదు. దాని వెనకున్న రెండో బండి (కొత్తవాళ్లను, చిన్న బండ్లను లెక్కలోంచి వదిలేసి) అక్కడ పక్కకు ఆగి, వెనకవాళ్లందరికీ దారి చూపిస్తుంది. చివరి బండి కనపడగానే బయల్దేరి దానికి ముందు చేరుతుంది. తర్వాతి చీలిక దగ్గర అప్పటి రెండో బండి ఆగుతుంది. ఇట్లా చేస్తే ఎవరూ ఎవరినీ తరుముకుంటూ పోనక్కర్లేదు, నడుపుతూ ఫోన్ చూడనక్కర్లేదు. బయల్దేరేముందు అందరిచేతా ఒకసారి నోటితో చెప్పించండి. రెండో బండి ఆగడం మర్చిపోతే మొత్తం గుంపు చెదిరిపోతుంది.

ఓవర్‌టేకు ఎవరికి వాళ్లే చూసుకుని చేయాలి. ముందువాళ్లు పోయారు కదా అని గుడ్డిగా వెంట పోవద్దు.

5. దారిలో

కర్నూలు వాళ్లు నంద్యాల హైవే మీద ఓర్వకల్లు, పాణ్యం దాకా వచ్చి బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు మీదుగా రండి. పొద్దుటి ఎండలో ఓర్వకల్లు రాళ్లు చూడదగ్గవి. బనగానపల్లెలో ఉగ్గాని బజ్జీ తిని, మామిడి తోటలు దాటాక అటూ ఇటూ నల్లరేగడిలో శనగ, జొన్న చేలు. అనంతపురం వాళ్లకు తాడిపత్రి దారి. పెన్నా ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి దగ్గర ఇరవై నిమిషాలు ఆగొచ్చు. కడప వాళ్లకు కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు లారీలు, బూడిద లారీలు ఎక్కువ కాబట్టి అక్కడ అద్దం దించుకునే ఉండండి.

ఈ దారుల్లో బండి పడేసేవి ఇవి:

రోడ్డుమీద కట్టె. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉలవ, కంది కట్టెను రైతులు రోడ్డుమీద పరుస్తారు, బండ్లు తొక్కి గింజ రాలుతుందని. పక్కన ఖాళీ ఉంటే అక్కణ్నుంచి పోండి. లేకపోతే ముందే వేగం తగ్గించుకుని, ఒకే గేరులో, హ్యాండిలు తిప్పకుండా నిటారుగా దాటండి. దానిమీద ముందు బ్రేకు పట్టుకోవద్దు. ఉలవ తీగ వెనక చక్రానికీ చైనుకూ చుట్టుకుంటుంది. ఎండు తీగ సైలెన్సరుకు అంటుకుంటే నిప్పు రాజుకుంటుంది. దాటాక వంద గజాల్లో ఆగి, ఇంజను ఆపి, కీ తీసి, అప్పుడు లాగేయండి. ఇంజను నడుస్తుండగా చైను దగ్గర చెయ్యి పెట్టి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

నల్లరేగడి బురద. వాన పడ్డాక చేలోంచి వచ్చిన ట్రాక్టరు చక్రాల మట్టి తారుమీద పలచగా అంటుకుంటుంది. చూడ్డానికి తడి రోడ్డులాగే ఉంటుంది, మీద కాలు పెడితే జారుతుంది. చేల గట్టు రోడ్డుకు కలిసేచోట వేగం 30కి దించండి. బురదలో దిగాల్సి వస్తే మడ్గార్డు కింద మట్టి గట్టిపడి ముందు చక్రం తిరగడం ఆగిపోతుంది. పుల్లతో గోకి తీసేదాకా కదిలించొద్దు.

నాపరాళ్ల లారీలు. కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర రోడ్డుమీద రాతి పెచ్చులు ఉంటాయి, పక్కలకు చిమ్మిన తెల్ల బురద ఉంటుంది. రాళ్ల లారీ వెనక యాభై గజాలకు తక్కువ దూరంలో పోవద్దు. దాటితే దాటండి, లేదా ఆగి పోనివ్వండి.

గొర్రెల మంద. హారన్ కొడితే బెదిరి అటూ ఇటూ పరుగెత్తుతాయి. ఆగండి. మొదటి గొర్రె రోడ్డు దాటిందంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి, మధ్యలో దూరి పోవచ్చనుకోవద్దు. కాపరి చెయ్యి ఊపాకే కదలండి.

రంగు వేయని స్పీడు బ్రేకర్లు. ఊరు మొదట్లో, బడి దగ్గర, గుడి దగ్గర, ఊరు చివర. చెట్టు నీడ పడితే అసలు కనపడవు.

6. జమ్మలమడుగు నుంచి కోట దాకా

జమ్మలమడుగులో ఆగి చివరి బండి వచ్చేదాకా చూడండి. తలలు లెక్కపెట్టి, పెట్రోలు పోయించుకుని కలిసి ఎక్కండి. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడు కూడా అదే గేరులో దిగాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో, ఇంజను ఆపి దిగడం వద్దు. ఇంజను పట్టు లేక భారమంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు తగ్గుతాయి.

కోట వాకిలి మెలికలు తిరిగి ఇరుగ్గా ఉంటుంది, ఎదురొచ్చేవాళ్లు కనపడరు. ఒక్కొక్క బండిగా, హారన్ ఇస్తూ, నడక వేగంతో పోండి. లోపల జనం కాపురముంటున్న ఊరుంది, పిల్లలు ఆడుకుంటుంటారు. సైలెన్సరు మోత అక్కడ వద్దు. సైడు స్టాండు కింద మీరు తెచ్చిన రాయి ముక్క పెట్టండి, మెత్తని నేలలో స్టాండు దిగబడి ఒక బండి పడితే పక్కనున్నవన్నీ వరసగా పడతాయి.

లోయ అంచున చాలాచోట్ల అడ్డుకంచె లేదు. బండిని రాళ్లమీదికి ఎక్కించి ఫొటో తీయాలనుకోవద్దు. అంచుకు వీపు పెట్టి వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీసుకోవద్దు. లోయ చూడటం భోజనానికి ముందే, ఆ ముప్పావుగంటలోనే కానివ్వండి. తిన్నాక చూద్దామంటే ఒంటిగంటన్నరకు ఎవరూ కదలరు.

7. తినడం, కదలడం

సంగటి ఒక ముద్దకు ఆపండి. రెండు ముద్దలూ, నాటుకోడీ, పైన పెరుగన్నమూ అయ్యాక మధ్యాహ్నపు ఎండలో బండెక్కితే కళ్లు మూతలు పడతాయి. తాగినవాళ్లు ఆ రోజు బండి నడపకూడదు, ఇందులో మొహమాటం లేదు. తాళం చెవి తీసుకోండి.

తిన్నాక పావుగంట కూర్చుని, గాలి, చైను, సామాను కట్టు ఒకసారి చూసి బయల్దేరండి. వెనక కూర్చున్నవాళ్ల చున్నీ, చీర కొంగు లోపలికి దోపుకున్నారో లేదో చూసుకోండి. మొదటి ఆగేచోటు దగ్గర్లోనే పెట్టుకోండి: కర్నూలు వాళ్లకు కోవెలకుంట్ల, అనంతపురం వాళ్లకు తాడిపత్రి, కడప వాళ్లకు ఎర్రగుంట్ల. నిద్ర వస్తోందని తెలిసేదెట్లా? గేరు మార్చడం మర్చిపోతుంటారు, దాటిన ఊరి పేరు గుర్తురాదు. ఈ రెంటిలో ఏది కనపడినా వెంటనే ఆగి, మొహం కడుక్కుని, పదిహేను నిమిషాలు చెట్టు కింద పడుకోండి. టీ ఒక్కటే చాలదు.

8. దారిలో ఏదైనా ఆగిపోతే

క్లచ్ కేబులు తెగడం మామూలుగా జరిగేదే. మెలకువ ఏమిటంటే, కొత్త కేబుల్ని బయల్దేరే ముందే పాతదాని పక్కనే టేపుతో చుట్టి ఉంచండి. తెగినచోట రెండు కొసలూ మార్చుకుంటే పది నిమిషాల పని. ట్యాంకు కిందినుంచి దూర్చే బాధ ఉండదు.

పంచర్ అయితే బండిని రోడ్డు నుంచి పూర్తిగా కిందికి దించాకే పని మొదలుపెట్టండి. చివరి బండివాళ్లొక్కరే ఆగాలి, మిగతా గుంపు తర్వాతి ఊళ్లో కాచుకోవాలి. పది బండ్లు రోడ్డు పక్కన వరసగా ఆగడం లారీలున్న రోడ్డుమీద మంచిది కాదు. దెబ్బ తగిలితే 108, ఇతర అత్యవసరాలకు 112, జాతీయ రహదారి మీదైతే 1033. పడ్డవాళ్ల హెల్మెట్టు, శ్వాస ఆడుతున్నంతవరకు లాగి తీయొద్దు, మెడ కదలనివ్వొద్దు.

9. ఇల్లు చేరాక

చేరగానే గుంపులో "చేరాను" అని పెట్టండి. మూడు ఊళ్ల చివరి బండివాళ్లు తమవాళ్ల పేర్లు టిక్కు పెట్టుకోవాలి. ఆరున్నరకు ఎవరి మాటా రాకపోతే ఫోను చేయాలి. ఎత్తకపోతే వాళ్లింటికి చేయాలి.

ఆ సాయంత్రమే చైను వెచ్చగా ఉండగా గుడ్డతో తుడిచి ఆయిలు పట్టించండి. దుమ్ము పట్టిన చైనుమీద అట్లాగే పోస్తే దుమ్ము, ఆయిలు కలిసి ఆకురాయిలా అరగదీస్తాయి. మర్నాడు పొద్దున చల్లని టైరులో గాలి చూడండి. నాలుగు పీఎస్ఐ కంటే ఎక్కువ తగ్గుంటే ఎక్కడో రాతి పెచ్చో, తుమ్మ ముల్లో దిగి నెమ్మదిగా కారుతోంది. సబ్బునీళ్లు పోసి వెతకండి, బుడగ వచ్చినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి పంచర్ షాపుకు తీసుకెళ్లండి.